వెండినీటి చరిత్రము



నేను తెలుగు పండితుడను. ముప్పదిరెండు సంవత్సరములు ఉన్నత పాఠశాలలయందు వ్యాకరణమును, ఛందస్సును, పద్యభాగమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. రసాయనశాస్త్రము నా విద్య గాదు. అట్టివాడను వెండినీటిని గూర్చి మాటాడ బూనుకొనుట కొక కారణము గలదు. దానిని మొదటనే మనవి చేసెదను.

మా గ్రామమున నాకు వరుసకు బావ, చిన్ననాటి సహాధ్యాయి, యొకరు గలరు. వ్యవసాయమును కుమారుల కప్పగించి తీరికగా నున్నవారు. ఒకనాటి యుదయమున వారు రెండు గాజుసీసాలు సంచిలో బెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఒక సీసాలోని నీరు లేతపసుపు వన్నె గలిగి తేటగా నున్నది. రెండవదానిలోనిది బూడిదవన్నెకు దిరిగినది. అడుగున సన్నని మడ్డియు దిగినది.

"బావా, ఇది వెండినీళ్ళు. రెండు వెండితీగలు, మూడు బ్యాటరీలు, మందుల షాపులో కొన్న డిస్టిల్డ్ వాటరు, అంతే. ఇంట్లోనే చేశాను. రెండూ ఒక్కరోజు చేసినవే. ఒకటి నిలిచింది, ఒకటి విరిగిపోయింది. ఏ సీసాలో పోసి ఎక్కడ పెడితే నిలుస్తుందో చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు" అనిరి.

విచారింపగా పసుపుసీసా బీరువాలోను, బూడిదసీసా వంటయింటి కిటికీలోను ఉండెనని తెలిసినది. "వెలుతురు తగలనీయకు బావా, నల్లసీసాలో పోసి చీకటిలో పెట్టు" అని చెప్పితిని. వారు సంతోషించి లేచి, గడప దాటుచు, "రోజూ పొద్దున్నే రెండు చెంచాలు తాగుతున్నాను. మనవరాలి ఉగ్గులో కూడా నాలుగు చుక్కలు వేద్దామనుకుంటున్నాను" అనుచు వెడలిపోయిరి.

ఆ కడపటి మాట మధ్యాహ్నము విస్తరిముందు గూర్చున్నప్పుడు నాకు మరల జ్ఞప్తికి వచ్చినది. వారు సీసాను గూర్చి యడిగిరి, నేను సీసాను గూర్చి చెప్పితిని. సీసాలోనిది యేమి, అది త్రావదగినదా యని వారడుగలేదు, నేను చెప్పలేదు. నా మాటను నమ్మి యొకరు పసిబిడ్డ నోట నేదియో పోయనున్నారు. అందుచేత కొన్ని దినములు గ్రంథములు ముందు వేసికొని కూర్చుంటిని. అందు దొరికిన చరిత్రమునే యిపుడు చెప్పుచున్నాను.

వెండిపాత్రలో నీరు చెడదను నమ్మిక మిక్కిలి పురాతనమైనది. గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దిలో పారసీక రాజైన సైరసును గూర్చి వ్రాయుచు, ఆ రాజు దండయాత్రకు వెడలునపుడు కోయాస్పెసు అను నదియొక్క నీటిని కాచి, వెండిపాత్రలలో నింపి, కంచరగాడిదలు లాగు బండ్లపై వెంట గొనిపోవుచుండెనని చెప్పెను. మన యిండ్లలోని వెండి యుగ్గుగిన్నెయు ఈ నమ్మికకు దగ్గఱి చుట్టమే. కాని శ్రోత లొక విషయమును గమనింపవలెను. పాత్ర వేఱు, పానీయము వేఱు. వెండిగిన్నెలో బాలు త్రావిన బిడ్డకును, వెండినే త్రావిన బిడ్డకును చాల భేదము గలదు. ఆయుర్వేదమునందలి రజతభస్మము మఱియొక వస్తువు. అది శోధనము, మారణము అను సంస్కారములతో వైద్యుడు సిద్ధపఱచునది. బ్యాటరీతో జేసిన నీటికి దాని ప్రతిష్ఠను అంటగట్టుట న్యాయము గాదు.

వెండికిని వెలుతురునకును గల వైరము నెఱుగుటయే యీ కథలో మొదటి మెట్టు. దానిని బయలుపఱచినదియు నొక సీసాయే. 18వ శతాబ్ది పూర్వభాగమున జర్మనీ దేశమున షుల్జ్ అను పండితుడు, వెండి కొంత కరగియున్న నత్రికామ్లముతో సుద్దను తడిపి, వేఱొక ప్రయోజనమునకై కిటికీచెంత నుంచెను. ఎండ తగిలినవైపు సుద్ద నల్లబడినది. నీడవైపున తెల్లగానే యుండెను. వేడిమిచేత నట్లైనదేమో యని నిప్పువద్ద నుంచి చూచెను, నల్లబడలేదు. తరువాత కాగితమున నక్షరములు కత్తిరించి, ఆ కాగితమును సీసాచుట్టు నతికించి యెండలో నుంచగా, లోపలి సుద్దపై నా యక్షరములు నల్లగా వ్రాయబడినవి! సీసాను కదపగనే చెఱిగిపోయినవి. ఈ మర్మమునుండియే తరువాతి శతాబ్దిలో ఛాయాచిత్రకళ పుట్టినది.

ఈ పాఠమును నేనును నా చేతులమీదనే నేర్చుకొంటిని. ఒక సంవత్సరము మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు లేక, ప్రయోగశాల తాళపుచెవి నాకప్పగింపబడినది. బీరువా సర్దుచు, తేనెరంగు సీసాలోని సిల్వరు నైట్రేటు ద్రావణమును, ఆ సీసా మూత పగిలియుండుటచే, తెల్లనిగాజు సీసాలోనికి మార్చితిని. అది కిటికీలోనే యుండినది. వారము దినములకు ద్రావణము చెడినది. నా వ్రేళ్ళపై బడిన చుక్కలు నల్లమచ్చలై, చర్మపుపొర రాలువఱకు పోలేదు. విద్యార్థులు పండితుడుగారు కాటుక పెట్టుకొనుచున్నారని నవ్వుకొనిరి. మా బావగారికి నేను చెప్పిన నల్లసీసా యుపాయము నాటి యనుభవముయొక్క ఫలమే. అంతకుమించిన పాండిత్యమేదియు నాయొద్ద లేకుండెను.

ఇక వెండి నీటిలో నిలుచు టెట్లో చూతము. ఉప్పు నీటిలో కరగును. ఇసుక నీటిలో దిగును. ఈ రెంటికిని నడుమ నొక స్థితి గలదు. వఱదనాటి గోదావరి నీటిని బిందెలో బోసి యుంచుడు. ఇసుక వెంటనే దిగును గాని యెఱ్ఱదనము ఎంతసేపటికిని పోదు. అందలి మట్టి కరగలేదు, దిగలేదు. అతిసూక్ష్మమైన కణములై తేలుచున్నది. 1861లో థామస్ గ్రాహమ్ అను రసాయనజ్ఞుడు ఇట్టి పదార్థములకు జిగురు అను నర్థముగల గ్రీకుమాటనుబట్టి కొలాయిడు అని నామకరణము చేసెను. మనవారు దానిని కాంజికాభము అనిరి. కాంజికమనగా పుల్లని గంజి, మన కలికుండలోనిది. గంజివలె నుండునది కాంజికాభము. ఈ పేరు పెట్టిన వారెవరో గాని రసజ్ఞులు.

ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందొక భాగమునకు నానోమీటరని పేరు. కొలాయిడు కణములు ఒకటి మొదలు వేయి నానోమీటర్లలోపు కొలతగలవి. ఇంత చిన్నవగుటచే నీటియణువుల తాకిడికి నిరంతరము చలించుచుండును. అదిగాక సాధారణముగా ఆ కణములన్నిటియందును ఒకేజాతి విద్యుత్తు గలిగియుండుటచే ఒండొంటిని త్రోసికొనును, కలిసి ముద్దగట్టవు. పటికముక్క త్రిప్పినచో వఱదనీరు తేరుట యేల? పటిక ఆ విద్యుత్తును నిర్వీర్యము చేయును. కణములు కూడుకొని బరువెక్కి దిగును. మన యాడువారు వంటయింట చేయు నీ పనియే వెండినీటిసీసాలో మనకు దెలియకుండ జరుగుచుండును.

లోహమును నీటిలో నిట్లు నిలుపుటను శ్రద్ధగా బరీక్షించినవాడు లండనునందలి మైకేల్ ఫారడే. ఆయన 1857లో బంగారుకణములు తేలుచున్న ద్రవములను గూర్చి యుపన్యసించెను. అవి పసుపువన్నెవి గావు, కెంపువన్నెవి! అందు రవ్వంత ఉప్పు పడినచో కెంపు నీలమగుచుండెను. అనగా కణములు కూడుకొనుచున్నవన్నమాట. గాజుపాత్రలు మిక్కిలి శుభ్రముగా నుండకున్న పని చెడునని ఆయన గ్రహించెను. ఆయన చేసిన బంగారునీటి సీసాలు కొన్ని నూటఅరువదియేండ్లు దాటినను లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా నున్నవి.

అయినచో వెండిసీసా అట్లేల నిలువదు? బంగారము గాలికి లొంగదు, వెండి లొంగును. నీటిలో గరగియున్న ప్రాణవాయువు వెండికణమును మెల్లమెల్లగా గొఱికి అయానులుగా మార్చును. వెలుతురు ఆ యయానులను మరల లోహముగా జేసి ముద్దగట్టించును. ఉప్పునందలి క్లోరైడు తగిలెనా, తెల్లని సిల్వరు క్లోరైడు పుట్టును. అదియు వెలుతురునకు నల్లబడును. గంధకపుగాలి తగిలినచో మన వెండికంచములవలెనే నల్లబడును. బంగారమునకు శత్రువొక్కటైన వెండికి నలుగురు.

వెండి కొలాయిడును సమృద్ధిగా జేసినవాడు అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమునకు జెందిన కేరీ లీ. ఆయన ఛాయాచిత్ర రసాయనములను పరిశోధించినవాడు. వెండిలవణమును ఇనుపలవణముతోను సిట్రేటుతోను గలిపి 1889లో నీటియందు జెదరు వెండిని సిద్ధపఱచెను. దానిని వెండియొక్క క్రొత్త రూపమని ఆయన తలచెను. సూక్ష్మకణములుగా విడిన పాతవెండియేయని తరువాత దేలినది. 1898లో జర్మనుడగు బ్రెడిగ్ నీటియడుగున రెండు లోహపుతీగల నడుమ మెఱుపువంటి విద్యుజ్జ్వాలను బుట్టించి, ఆ తీగలనే ధూళిచేసి నీటిలో గలిపెను.

మా బావగారి పద్ధతి బ్రెడిగ్ పద్ధతికి మనుమడని యనుకొనవచ్చును గాని, నిజమునకు గాదు. బ్యాటరీలతో జ్వాల పుట్టదు. తీగ మెల్లగా కరగి అధికభాగము అయానులుగా నీటిలో జేరును. కొంతభాగము మాత్రమే కణములగును. అయానులకు రంగు లేదు. సన్నని వెండికణములు పసుపువన్నె నిచ్చును. అవి ముద్దగట్టిన కొలదిని వన్నె మాఱి బూడిదరంగగును. కావున నీటి రంగును జూచి అందెంత వెండి గలదో యింటిలో నెవ్వరును చెప్పజాలరు. పని త్వరగా గావలెనని కొందరు చిటికెడు ఉప్పు వేయుదురట. వారు కొలాయిడు చేయుచున్నామనుకొని సిల్వరు క్లోరైడు చేయుచున్నారు!

వైద్యమున వెండికి గల గౌరవము వట్టిది గాదు; దానిని దాచిపెట్టి మాటాడుట తగదు. లైప్సిగు నగరమున కార్ల్ క్రేడె అను ప్రసూతివైద్యుడు 1880 ప్రాంతమున, పుట్టిన శిశువుల కన్నులలో నూటికి రెండుపాళ్ళ సిల్వరు నైట్రేటు చుక్క నొకదానిని వేయ నారంభించెను. తల్లినుండి సోకు వ్యాధిచే శిశువులు గ్రుడ్డివారగుచుండిన కాలమది. ఆయన వైద్యశాలలో నూటికి పదిమంది శిశువులకు వచ్చుచుండిన నేత్రవ్యాధి, నూటికొకరికైనను రాని స్థితికి దిగినది. ఎన్ని కన్నులు నిలిచినవో! అయితే అది కన్నులో నొక్కసారి వేయు చుక్క, త్రాగు మందు గాదు. కొలాయిడునుగాదు, లవణము. ఆయన కుమారుడు బెన్నో క్రేడె 1897లో కొలార్గాల్ అను పేర కొలాయిడు వెండిని వైద్యమున బ్రవేశపెట్టెను. 1902లో ఫిలడెల్ఫియాలో బార్న్స్, హిల్లె అను నిరువురు ఆర్జిరాల్ అను మందును సిద్ధపఱచిరి. బార్న్స్ ఆ మందు లాభముతో ప్రపంచ ప్రసిద్ధములైన చిత్రపటములను గొని యొక చిత్రశాలనే నెలకొల్పెను. వెండిచుక్కలు వర్ణచిత్రములైన వన్నమాట.

ఈ మందుల నమ్మినవారికి నిలువ యను ప్రశ్న తప్పినది గాదు. వట్టి నీటిలో వెండి నిలువదని వారెఱుగుదురు. అందుచే మాంసకృత్తును, అనగా గ్రుడ్డు తెల్లసొనవంటి పదార్థమును, వెండికి దోడుగా జేర్చిరి. అది కణము కణమును కప్పి రక్షించును. ఈ యుపాయము మనకు గ్రొత్తది గాదు. మా తాతగారు ఆముదపు దీపపు మసిని బట్టి, తుమ్మబంకతో నూఱి సిరా చేయుట నేను బాల్యమున జూచితిని. బంక తగ్గినచో మసి యడుగున దిగి, పైన నీరు తేలెడిది. బంక సరిపడినచో నెలలకొలది సిరా సమముగా నిలిచెడిది. మసి నిలుచుట బంక మహిమయని వారు చెప్పుచుండిరి. ఆస్ట్రియా దేశీయుడగు జిగ్మోండి ఈ మహిమకు 1901లో కొలత గట్టెను. పది మిల్లీలీటర్ల కెంపువన్నె బంగారునీటిలో ఒక మిల్లీలీటరు గాఢమైన ఉప్పునీరు పోసినను వన్నె మాఱకుండ గాపాడుటకు ఏ పదార్థ మెన్ని మిల్లీగ్రాములు గావలయునో లెక్కించెను. జెలటిను ఒక మిల్లీగ్రాములో నూఱవవంతైన జాలును. తుమ్మజాతి బంక పావు మిల్లీగ్రాము వఱకు గావలెను. బంగాళాదుంపపిండి యిరువదియైదు మిల్లీగ్రాములు గావలెను. ఆయనకు 1925వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

ఇన్ని రక్షలు గలిగియు ఆ మందుల ద్రావణములను అప్పటికప్పుడు కలుపవలెననియు, తేనెరంగు సీసాలలో వెలుతురు తగలకుండ నుంచవలెననియు ఔషధశాలలవారు నియమము పెట్టుకొనిరి. తూకము దెలిసినవారు, రక్షకద్రవ్యము గలిపినవారు, ఆ సీసా పాతబడినచో నమ్మలేదు. బంకయు సొనయు లేని యింటినీటిని సంవత్సరము నిలువయుంచుటకు మనము యత్నించుచున్నాము.

ఇపుడు అసలు సంగతికి వచ్చితిని. వెండిని నోట గ్రహించినవారికి నేమగును? దేహమునుండి కొంత పోవును. కొంత రక్తమున బడి చర్మమును జేరి యచటనే నిలుచును. అచట దానిపై వెలుతురు పడును. షుల్జ్ సీసాలో సుద్ద నల్లబడినట్లే, నా తెల్లసీసాలో ద్రావణము చెడినట్లే, మనుష్యుని చర్మమునందలి వెండియు నల్లబడును. ముఖము, చేతులు, మెడ, గోళ్ళ మొదళ్ళు బూడిదనీలపు వన్నెకు దిరుగును. ఈ రోగమునకు ఆర్జిరియా యని పేరు. సీసాను చీకటిలో నుంచవచ్చును. త్రావినవాని ముఖమును బీరువాలో నుంచ వీలులేదు గదా! 1939లో హిల్, పిల్స్‌బరీ అనువారు ఇట్టి రోగుల వృత్తాంతములను సమకూర్చి యొక పెద్దగ్రంథమునే ప్రకటించిరి. వెండి మందులను వైద్యులు నిచ్చిన కాలమున వచ్చిన రోగములవి. ఇటీవల లేజరు కిరణములతో కొందరికి కొంత తగ్గించిరి గాని, సాధారణముగా ఆ వన్నె జీవితాంతము విడువదు.

1935 తరువాత సల్ఫా మందులును, ఆ వెనుక పెనిసిలినును రాగా, వెండిమందులు మూలబడినవి. కాలిన పుండ్లపై పూయుటకు 1968లో ఫాక్స్ అను వైద్యుడు ప్రవేశపెట్టిన సిల్వరు సల్ఫాడయజీను మాత్రము చిరకాలము నిలిచినది. అదియు పైపూత. 20వ శతాబ్ది చివర అమెరికాలో వెండినీరు మరల తలయెత్తి, సర్వరోగ నివారిణిగా విక్రయింపబడినది. 1999లో ఆ దేశపు ఆహార ఔషధ పాలనాశాఖవారు, వైద్యుని చీటిలేక అమ్ము మందులలో వెండి కొలాయిడుగాని వెండి లవణములుగాని క్షేమకరములనియు గుణమిచ్చుననియు అంగీకరింపబడినవి కావని శాసించిరి. ఆ సంవత్సరముననే, 2000వ సంవత్సరము రాగనే యంత్రములు నిలిచి మందులు దొరకవను భయముతో, మోంటానా రాష్ట్రమున నొకరు వెండినీటిని ఇంట జేసికొని త్రావ మొదలిడిరి. 2002లో వారు సెనేటునకు అభ్యర్థిగా నిలిచిననాటికి ముఖము బూడిదనీలమై పత్రికల కెక్కిరి. భయపడిన ఉపద్రవము రాలేదు. వన్నె మాత్రము నిలిచిపోయినది.

ఇంతయు దెలిసికొని నేను బావగారి యింటికి బోయితిని. వారు నన్ను జూడగనే తేనెరంగు సీసాలను వరుసగా జూపి, "చూశావా, నీ మాట ప్రకారమే పెట్టాను. ఒక్కటీ విరగలేదు" అనిరి. నేను చెప్పవలసిన దంతయు జెప్పితిని. నిలువకు వలసిన నియమములను గూడ దాచక చెప్పితిని: శుద్ధమైన స్వేదనజలము, కడిగిన గాజు, వెలుతురులేని చోటు, ఉప్పు తగులకుండుట, గడ్డకట్టునంత చలిలో నుంచకుండుట, మంచుగట్టినచో కణములు ముద్దయగును. అయస్కాంతము దగ్గఱ నుంచరాదని వారు వినిన మాట వట్టిదనియు జెప్పితిని. ఇన్నియు జేసినను వెండి సీసాగోడలనే యంటుకొనవచ్చును. అంతరిక్షకేంద్రమున రష్యావారు త్రాగునీటిని గాపాడుటకు తగుపాటి వెండిని వాడుదురు. లోహపు తొట్ల గోడలకు ఆ వెండి యంటి తరుగుచుండుటను గూర్చి శాస్త్రజ్ఞు లిప్పటికిని శ్రమపడుచున్నారు. పరికరములున్న వారి స్థితియే యిది. మన సీసాలో ఈ దినమెంత వెండి గలదో, నిన్న త్రావిన చెంచాలో నెంత యుండెనో కొలుచు సాధనము మన యింట లేదు.

వారు చాలసేపు మాటాడక, తుదకు, "అయితే నల్లసీసాలో పెట్టమన్నది నువ్వే కదా" అనిరి.

అది నిజము. నే నేమియు బదులు చెప్పలేకపోతిని. కొంతసేపటికి మా చెల్లెలు, అనగా వారి భార్య, లోపలినుండి వచ్చి, ఆయన థైరాయిడు మాత్రయు వెండినీటితోనే మ్రింగుచుండెనని చెప్పినది. వెండి ఆ మాత్రను దేహమున కెక్కనీయకుండ జేయవచ్చునని నేను చదివియుంటిని. వారి చేతులు పట్టుకొని కిటికీవద్ద గోళ్ళను జూచితిని. మొదళ్ళయందు నీలివన్నె యున్నట్లు నాకు దోచినది. నా కన్నులను నేనే నమ్మక, మఱునాడు వారిని పట్టణములోని చర్మవైద్యునివద్దకు దోడ్కొనిపోయితిని. వైద్యుడు పరీక్షించి, వెండినీటిని నాటితో మానుమనియు, మాత్రను వట్టినీటితో వేసికొనుమనియు, ఆఱు నెలలకు మరల చూపింపుమనియు జెప్పెను. వన్నె పెరుగలేదు; పూర్తిగా పోనును లేదు. మనవరాలి యుగ్గులో నొక్కచుక్కయు బడలేదు.

వెండితీగలను బావగారు కంసాలికిచ్చి ఆ బిడ్డ పట్టీలకు రెండు మువ్వలు చేయించిరి. సీసాలన్నిటిని నాకప్పగించిరి. వానిలో నొకటి నా బీరువాలో నున్నది. దానిమీద తేదీతో వారు వ్రాసిన చీటీ అట్లే యున్నది. మొన్న తీసి దీపమున కడ్డముపట్టి చూచితిని. పైనీరు తేటగా నున్నది. అడుగున మాత్రము బూడిదవన్నె మడ్డి సన్నగా పేరుకొనుచున్నది.